బంగాళాఖాతం లోపలి వేడి

తుపాను వస్తోందంటే టీవీలో మనకు చూపించేది ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మ. ఆ మేఘాల కింద, 50 మీటర్లు, 100 మీటర్ల లోతున సముద్రం ఎంత వేడిగా ఉందో అందులో కనపడదు. నన్నడిగితే అసలు ఆరా తీయాల్సింది అక్కడే. బొగ్గు, పెట్రోలు తగలబెట్టి మనం పోగేసిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోయింది, గాలిలో మిగిలింది చాలా తక్కువ.

ఇందులో మన బంగాళాఖాతం సంగతే వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి, పైన వానలు సరేసరి, అందుకే వర్షాకాలం తర్వాత ముఖ్యంగా ఉత్తర భాగంలో ఉప్పు తక్కువగా ఉన్న తేలికపాటి నీరు పైన పొరలా పరుచుకుని, కింది బరువైన ఉప్పునీటితో ఓ పట్టాన కలవదు. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికితే అడుగున ఉన్న చల్లటి నీరు పైకొచ్చి తుపాను బలం కొంత తగ్గుతుంది. ఇక్కడ ఆ పొర అడ్డుపడుతుంది. చల్లటి నీరు సరిగా పైకి రాదు, తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది. అందుకే మనకు ఉష్ణోగ్రత ఒక్కటే తెలిస్తే చాలదు, ఉప్పదనం కూడా తెలియాలి, అదీ లోతు లోతుకీ.

ఈ పని చేసేవి ఆర్గో ఫ్లోట్లు. దాదాపు మనిషెత్తు గొట్టాలు, ప్రపంచమంతా కలిపి 4000 దాకా ఉన్నాయి. లోపలి నూనెను బయటి సంచిలోకి పంపితే ఫ్లోట్ ఉబ్బి పైకి లేస్తుంది, వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. 1000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు సాగి, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకి వస్తూ దారి పొడవునా కొలుచుకుని, ఆ లెక్కలన్నీ ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతుంది. హిందూ మహాసముద్రంలో వీటి సమాచారాన్ని చూసుకునేది సముద్రం లేని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరకొచ్చో చెప్పే సూచనలు ఇచ్చేది కూడా అదే. ఆర్గో లెక్కలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది అదే.

నా టెన్షన్ అంతా కొనసాగింపు గురించే. ఫ్లోట్ బ్యాటరీ కొన్నేళ్లకు అయిపోతుంది, కాబట్టి కొత్తవి వదులుతూనే ఉండాలి. మొత్తం ఫ్లోట్లలో సగం దాకా ఒక్క అమెరికావే. అక్కడ నిధులు తగ్గితే ఆ లోటు మన బంగాళాఖాతం అంచనాల దాకా వస్తుంది. సముద్రం నిదానంగా మారుతుంది, ఆ మార్పు పట్టుబడాలంటే పదుల ఏళ్ల లెక్క తెగకుండా ఉండాలి, మధ్యలో పోయిన ఏడాదిని మళ్లీ వెనక్కి వెళ్లి కొలవలేం.

ఇంకోటి, ఇది మన చేతుల్లో ఉన్నది. ఒకేచోట లంగరేసి ఉంచే బోయ్‌లు, అంటే నీటిపై తేలుతూ కొలతలు తీసే పరికరాలు ఉంటాయి, వాటి కింద చేపలు చేరతాయి, బోట్లు వచ్చి వాటికి కట్టేసుకుంటాయి, సెన్సర్లు తెగిపోతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. బోయ్ ఏం కొలుస్తుందో, అది ఆగిపోతే తుపాను అంచనాలో ఏ లెక్క తప్పిపోతుందో బోటు యజమానులకు, కళాసీలకు జెట్టీల దగ్గర కూర్చుని విడమరిచి చెప్పాల్సింది ఆ రెండు నెలల్లోనే.