‘హైదరాబాద్‌లో ఉండవచ్చు కదా?’: లైంగిక ధోరణి ఆధారంగా ఆశ్రయం కోరడం వెనుక కథ

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లిన స్వలింగ ఆకర్షణ గల యువకుడో యువతో, తిరిగి ఇంటికి పోతే ప్రాణానికి ముప్పని ఆశ్రయం కోరితే, అక్కడి అధికారి అడగక మానని ప్రశ్న ఒకటుంది: ఊళ్లో భయమైతే హైదరాబాద్‌లో ఉండవచ్చు కదా? దరఖాస్తును గుమ్మంలోనే తిప్పి పంపకుండా ఇలా ప్రశ్నించే దశకు రావడానికే నాలుగు దశాబ్దాలు పట్టింది.

1951 నాటి శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ప్రత్యేక సామాజిక వర్గం అనే ఐదు కారణాలనే గుర్తించింది. సామాజిక వర్గం అనగానే మనకు కులం స్ఫురిస్తుంది గానీ, ఒప్పందంలో ఆ మాటకు అర్థం చాలా విశాలం. 1980లో క్యూబా నుంచి పడవల్లో అమెరికా చేరిన ఒక వ్యక్తి, స్వలింగ సంపర్కుడని ప్రభుత్వం తన పేరును జాబితాకెక్కించి రెండు మూడు నెలలకోసారి విచారణకు పిలిచేదని చెప్పుకోగా, అతనిని వెనక్కి పంపరాదని 1990లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఈ ఐదో కారణం కిందే నిర్ణయించింది. స్వలింగ సంపర్కుల రాకనే నిషేధించిన చట్టాన్ని అమెరికా సవరించుకున్నదీ ఆ ఏడాదే. 1994లో అటార్నీ జనరల్ జానెట్ రెనో ఆ నిర్ణయాన్ని అందరికీ వర్తించే ప్రమాణంగా ప్రకటించారు.

పోలీసు జాబితా మనకూ కొత్త కాదు. నిజాం కాలపు 1329 ఫస్లీ (1919) చట్టం హైదరాబాద్‌లో నపుంసకులనే పేరిట కొందరిని రిజిస్టరులోకి ఎక్కించేది. దానిని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టివేయలేదు.

బ్రిటన్‌లో మరో అడ్డంకి ఉండేది. స్వదేశంలో గుట్టుగా బతికితే సరిపోతుందని అధికారులు అనేవారు. భయం వల్లే గుట్టుగా బతకాల్సి వస్తే అలాంటి వ్యక్తికి రక్షణ ఇవ్వాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు 2010లో తేల్చింది.

మన దరఖాస్తుదారుల పరిస్థితి మాత్రం 2018తో మలుపు తిరిగింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించడం, సుప్రీంకోర్టు 2013లో మళ్లీ నిలబెట్టడం చూసినవారు చట్టాన్నే సాక్ష్యంగా చూపగలిగేవారు. 2018 సెప్టెంబరు 6న వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో సాగే సంబంధం నేరం కాదన్న తీర్పుతో ఆ సాక్ష్యం పోయింది. మిగిలింది ఇంటివాళ్ల వల్ల భయం.

ఆ తీర్పు వెలువడిన ఎనిమిది రోజులకే మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడు ఆసుపత్రి బయట హత్యకు గురయ్యాడు. అది కులానికి సంబంధించినదే అయినా, పరువు పేరిట కుటుంబం ఎంతవరకు వెళ్లగలదో ఈ ప్రాంతం అప్పుడు చూసింది. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. దీన్ని చూపి రాజ్యం శిక్షించింది కదా అని అధికారి అనగలడు; శిక్ష పడింది ప్రాణం పోయాకే కదా అని దరఖాస్తుదారు అనగలడు.

భయపెట్టేది ప్రభుత్వం కాక కుటుంబమైనప్పుడు, గతంలో హింసకు గురైనట్టు రుజువు కాకపోతే, దేశంలో మరెక్కడా సురక్షితంగా ఉండలేనని నిరూపించే భారం అమెరికాలో దరఖాస్తుదారుదే. నల్గొండ మనిషికి హైదరాబాద్ అంటే ఎల్బీనగర్‌లో మేనమామ, వనస్థలిపురంలో పెద్దనాన్న, వంద కిలోమీటర్ల అవతలి నుంచి గంటలో చేరే కబురు. ఈ సంగతి బయటి అధికారికి తెలియదు. చుట్టాలు ఎవరెక్కడ ఉన్నారో, బెదిరింపు ఎవరి నోట వచ్చిందో ప్రమాణపత్రంలో విడమరిచి రాయాలి. పైగా దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపే, పరిమిత మినహాయింపులు తప్ప, దరఖాస్తు చేయాలని 1996 చట్టం గడువు పెట్టింది; తన సంగతి తల్లికి కూడా చెప్పుకోని విద్యార్థికి మొదటి సెమిస్టరు ఫీజుల మధ్య ఆ ఏడాది గడిచిపోతుంది.