ఓనరు వద్దంటే అద్దె సాయం రాదా? లండన్‌లో నేను రోజూ వినే అపోహలు

"మా ఓనరు ఒప్పుకోడండీ, ఇంక అప్లై చేసి ఏం లాభం?" తూర్పు లండన్‌లో బెనిఫిట్స్ (ప్రభుత్వ సాయాల) సలహాదారుగా నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు కూర్చోగానే అనే మాట ఇది. ఆ ఓనరు కూడా చాలాసార్లు తెలుగాయనే.

ముందు వీసా సంగతి. స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద 'నో పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదనే షరతు ఉంటుంది. అది ఉండగా క్లెయిమ్ చేస్తే వీసాకే ఎసరు. కాబట్టి ఇదంతా ముఖ్యంగా ఐఎల్ఆర్ (ఇక్కడే స్థిరపడే అనుమతి) గానీ సిటిజన్‌షిప్ గానీ వచ్చినవాళ్లకే. భార్యాభర్తల్లో ఒకరికే అర్హత ఉంటే, ఇమిగ్రేషన్ సలహా తీసుకున్నాకే ఫారం తెరవండి.

పేరు దగ్గరా చిన్న తికమక ఉంది. అందరం హౌసింగ్ బెనిఫిట్ అనే అంటాం. పనిచేసే వయసువాళ్లకు మాత్రం అద్దె సాయం ఇప్పుడు యూనివర్సల్ క్రెడిట్ అనే నెలవారీ బెనిఫిట్‌లోనే కలిసి వస్తుంది. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇచ్చే పాత హౌసింగ్ బెనిఫిట్ ముఖ్యంగా పెన్షన్ వయసువాళ్లకే మిగిలింది.

అపోహ: ఓనరు అనుమతి కావాలి.

అక్కర్లేదు. ఆయన పేరు, అడ్రసు అడుగుతారు. అగ్రిమెంటు ఉంటే అప్‌లోడ్ చేయమంటారు. అంతేగానీ 'నాకు సమ్మతమే' అని ఆయన సంతకం పెట్టే గడి ఎక్కడా లేదు. చూసేది ఒకటే: ఆ ఇంటికి అద్దె కట్టాల్సిన బాధ్యత మీ మీద ఉందా, మీరు నిజంగా అక్కడ ఉంటున్నారా. నోటిమాట ఒప్పందమైనా ఒప్పందమే, కాకపోతే రుజువు చూపించాలి.

ఒకాయన అగ్రిమెంటు లేకుండా వచ్చాడు. వాట్సాప్ తెరిపించాను. "అన్నా, ఈ నెల 650 వేశాను, చూసుకో" అని ఈయన, కింద ఓనరు పెట్టిన బొటనవేలు బొమ్మ. పద్నాలుగు నెలలూ అదే వరస. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అవే తేదీలు, అవే 650లు. రెండూ పక్కపక్కన పెట్టి పంపాం. ఇంకో కాగితం అడిగారు, ఆ అడ్రసుకు వచ్చిన జీపీ (డాక్టరు) ఉత్తరం ఇచ్చాం. మంజూరైంది. చేతికి డబ్బిచ్చే అలవాటుంటే ఈ నెల నుంచే మానేసి బ్యాంకులో వెయ్యండి. ఓనరెవరో కూడా సరిగ్గా తెలియని అద్దెదారులుంటారు. అద్దె వసూలు చేసే మనిషిని రాతపూర్వకంగా అడిగితే, 1985 చట్టం ప్రకారం 21 రోజుల్లో ఓనరు పేరు, అడ్రసు చెప్పి తీరాలి.

అపోహ: క్లెయిమ్ చేస్తే ఓనరు మీద ట్యాక్స్ పడుతుంది.

ఓనర్ల అయిష్టం వెనక నూటికి తొంభైపాళ్లు ఈ భయమే అని నా అనుమానం. అద్దె ఆదాయానికి పన్ను లెక్క మీరు క్లెయిమ్ చేసినా, చేయకపోయినా ఉన్నదే. తాను ఉంటున్న ఇంట్లోనే ఫర్నిచర్‌తో ఒక గది అద్దెకిచ్చే ఓనరుకు ఏడాదికి 7,500 పౌండ్ల దాకా పన్నే లేదు. ఈ ముక్క చెప్పి చూడండి, చాలామంది మెత్తబడతారు.

అపోహ: చుట్టాలింట్లో ఉంటే రాదు.

ఇక్కడ మన వరసలు బాగా పనికొస్తాయి. ఓనరు అదే ఇంట్లో ఉంటూ మీకు తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తమామలు, అల్లుడు, కోడలు అయితే రాదు. అక్క మొగుడైన బావ కూడా ఈ లెక్కలోకే వస్తాడు. బాబాయి, మేనమామ ఆ జాబితాలో లేరు. అలాగని సాయం కోసమే కాగితం మీద అద్దె సృష్టిస్తే మాత్రం కొట్టేస్తారు. బాబాయి నిజంగా అద్దె అడుగుతాడా, కట్టకపోతే ఊరుకుంటాడా అనేది చూస్తారు.

అపోహ: అద్దె మొత్తం ఇస్తారు.

అన్నిసార్లూ ఇవ్వరు. ఏరియాను బట్టి, మీకు లెక్కగట్టే బెడ్‌రూములను బట్టి లోకల్ హౌసింగ్ అలవెన్స్ అనే పరిమితి ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో పెంచి, 2025లో అక్కడే ఆపేశారు. మీ అద్దె 1,400, రేటు 1,150 అనుకోండి. 250 మీ జేబులోంచే. పిల్లలు లేని, 35 లోపు ఒంటరి మనిషికి ఎక్కువగా షేర్డ్ గది రేటే కడతారు.

'నో డీఎస్ఎస్' (బెనిఫిట్ తీసుకునేవాళ్లకు ఇల్లివ్వం) అనే బోర్డు చట్టబద్ధమేనని ఇంకా నమ్మేవాళ్లున్నారు. డీఎస్ఎస్ అనే శాఖే 2001లో పోయింది, బోర్డు మిగిలింది! బెనిఫిట్ వాళ్లు వద్దే వద్దని తలుపు మూయడం ఈక్వాలిటీ చట్టానికి విరుద్ధమని 2020లో యార్క్ కౌంటీ కోర్టు చెప్పింది. రెంటర్స్ రైట్స్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి అది నేరుగా నిషేధం, జరిమానా 7,000 పౌండ్ల దాకా. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 కూడా ఆ రోజు నుంచే రద్దు. అయితే ఓనరింట్లోనే గదిలో ఉండే లాడ్జర్లకు ఈ రక్షణలు వర్తించవు. వాళ్లు క్లెయిమ్ చేయొచ్చు, కానీ ఓనరుతో కాస్త ఇచ్చిపుచ్చుకునే ధోరణిలో మాట్లాడుకోవడమే మేలు.

ఓనరుకు డబ్బు అందదన్న బెంగ ఉంటే ఇంకో సంగతి చెప్పండి: రెండు నెలల బాకీ పడితే అద్దె సాయం నేరుగా తనకే పంపమని ఆయనే అడగొచ్చు.

ఓనరు మనసు మారేదాకా మాత్రం ఆగకండి. మొదటి డబ్బు రావడానికే సుమారు ఐదు వారాలు. వెనక తేదీ నుంచి ఇవ్వడం యూనివర్సల్ క్రెడిట్‌లో కొన్ని కారణాలకే, అదీ నెలకు మించి కాదు. కౌన్సిల్ ట్యాక్స్ మీరే కడుతుంటే దాని తగ్గింపు ఇందులో కలిసి రాదు. కౌన్సిల్‌కు విడిగా, అదే రోజు అప్లై చేయండి.