అలవాట్ల వైద్యానికి రుజువులెందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మాత్రలకైతే పరీక్షలు కావాలి గానీ నడకకు, ధ్యానానికి, కౌన్సెలింగ్‌కు ఎందుకండీ? మేలు చేయకపోయినా కీడైతే చేయవు కదా!" ప్రవర్తనా వైద్యంలో, అంటే అలవాట్లను మార్చి జబ్బును అదుపుచేసే వైద్యంలో, ఉన్నవాళ్లం ఈ మాట విని విని విసిగిపోయాం. కీడు ఎక్కడ జరుగుతుందో చెబుతాను.

అపోహ: మొదలుపెట్టాక తగ్గింది కాబట్టి దానివల్లే తగ్గింది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. బీపీ బాగా పెరిగినప్పుడో, నిద్ర బొత్తిగా కరువైనప్పుడో మనం కొత్త దారి వెతుక్కుంటాం. అంత పైకి వెళ్లిన అంకె ఏమీ చేయకపోయినా చాలాసార్లు కొంత దిగుతుంది. ఆ సహజమైన తగ్గుదలను తీసేసి చూడటానికే కంట్రోల్ గ్రూపు, అంటే ఆ కొత్త పద్ధతి ఇవ్వకుండా పక్కన పెట్టి పోల్చి చూసే వర్గం. ఒక పెద్దాయన బీపీ రాసుకున్న నోటు పుస్తకం తెచ్చారు. ఎడమ పేజీలో ఎర్ర సిరాతో పెద్ద అంకెలు, కుడి పేజీలో నల్ల సిరాతో చిన్నవి. "శ్వాస యాప్ పనిచేసింది డాక్టర్ గారూ, మాత్రలు మానేశాను" అన్నారు. తేదీలు చూస్తే, యాప్ మొదలైన వారమే మాత్ర మోతాదు కూడా పెరిగింది. చివరి నాలుగు వరుసల్లో అంకెలు మళ్లీ పైకి పాకుతున్నాయి. ఆయన మీద నాకు కోపం లేదు. భయపడ్డ మనిషికి ఏ ఆధారం దొరికినా వదలబుద్ధి కాదు. కోపమంతా "నాకు తగ్గింది, మీకూ తగ్గుతుంది" అని వీడియోలు పెట్టేవారి మీదే.

అపోహ: మనసు కుదుటపడితే గుండె దానంతటదే బాగుపడుతుంది.

గుండెపోటు వచ్చి, డిప్రెషన్‌తోనో అయినవారి ఆసరా లేకనో బాధపడుతున్న 2,481 మందితో ఎన్‌రిచ్డ్ అనే ట్రయల్ జరిగింది. ఫలితాలు 2003లో వచ్చాయి. కౌన్సెలింగ్ పొందినవారిలో డిప్రెషన్ కొంత ఎక్కువ తగ్గింది. మామూలు చికిత్సలో ఉన్నవారిలోనూ బాగానే తగ్గింది! మరణాలు, మళ్లీ గుండెపోట్లు మాత్రం రెండు వర్గాల్లో దాదాపు సమానం. అందుకని డిప్రెషన్ చికిత్స మానుకోకండి. అది తగ్గడమే పెద్ద ఊరట.

అపోహ: అలవాట్ల మార్పుకు గట్టి రుజువులే లేవు.

ఉన్నాయి. అమెరికాలో 3,234 మందితో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్నవారిలో కొత్తగా షుగరు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడినవారిలో 31 శాతం. అయితే అది చేతిలో కరపత్రం పెట్టి పంపిన సలహా కాదు, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు, వెన్నంటి ఉండే కోచ్. అందులో ఏ భాగం ఎంత పనిచేసింది, తీరికలేని మామూలు క్లినిక్‌లో ఎంతవరకు సాధ్యం, ఆపేశాక ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇప్పుడు మాకు కావలసిన రుజువులు ఇవి.

ఇక 21 రోజుల్లో అలవాటు పడుతుందన్న లెక్కను పక్కన పెట్టేయండి. 96 మందిని గమనించిన ఒక అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 వరకు. నెల దాటినా కుదరలేదని ఏడ్చేవారు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మీలో లోపమేమీ లేదు, ఇంకొంత కాలం పట్టవచ్చు, అంతే.

ఎవరైనా "90 శాతం సఫలం" అంటే, మధ్యలో మానేసినవాళ్లను లెక్కలో కలిపారా అని అడగండి.