ఆటలో పరకాయ ప్రవేశం

వీడియో గేమ్ ఆడుతున్నవాళ్ల పక్కన కాసేపు కూర్చుని వాళ్ల మాటలు వినండి. తెర మీది మనిషి గోడెక్కుతూ జారితే "అయ్యో, పడిపోయాను" అంటారు. శత్రువు చేతిలో వాడి పని అయిపోతే "చచ్చిపోయాను" అంటారు. సినిమాలో హీరోకి కత్తిపోటు పడితే "నన్ను పొడిచాడు" అని ఎవరూ అనరు కదా! క్రియ చివర ఉన్న ఆ చిన్న ‘ను’లోనే ఈ ఆటల విలువంతా ఉందని నా నమ్మకం.

ఇలా ఒక పాత్రలోకి దూరి ఆడే రోల్ ప్లేయింగ్ గేములు పుట్టింది కంప్యూటర్‌లో కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను తెచ్చారు. కాగితం, పెన్సిల్, పాచికలు, బల్ల చుట్టూ నలుగురు మనుషులు. ఒకరు లోకాన్ని వర్ణిస్తుంటే మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెప్తారు. ఏడాది తిరిగేసరికే విద్యార్థులు దాన్ని యూనివర్సిటీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు. అయితే బల్ల దగ్గర కథ నడిపే మనిషి ఎలాంటి వింత ప్రశ్నకైనా అప్పటికప్పుడు జవాబు అల్లగలడు. కంప్యూటర్‌కి ఆ వీలు లేదు. మనం ఏం చేస్తామో, దానికి లోకం ఎలా బదులివ్వాలో ముందే ఊహించి పెట్టాలి. మంచి గేమ్ ఏదో, పైపై మెరుగులది ఏదో తేలేది అక్కడే.

1998లో వచ్చిన ‘థీఫ్’నే తీసుకోండి. ఇప్పటి కళ్లతో చూస్తే అందులో మనుషుల ముఖాలు చెక్కబొమ్మల్లా ఉంటాయి. అయినా ఆడుతుంటే ఊపిరి బిగబట్టాల్సిందే. మీరు దొంగ, నీడలో నక్కి ఉన్నారు. మీ మీద ఎంత వెలుతురు పడుతోందో తెర అడుగున ఒక చిన్న రత్నం చెప్తుంటుంది. తివాచీ మీద నడిస్తే దాదాపు చప్పుడే ఉండదు. ఇనుప పలక మీద కాలు పడిందా, ఠంగుమంటుంది, కాపలావాడు తిరిగి చూస్తాడు. దారిలో కాగడా అడ్డమొస్తే నీళ్ల బాణం వేసి ఆర్పేయొచ్చు. గంట ఆడేసరికి మీకు కొత్త అలవాటు వచ్చేస్తుంది: ముందు నేల చూస్తారు, ఆ తర్వాతే అడుగు వేస్తారు.

కళ్లకు తగిలించుకునే తెరతో కంప్యూటర్ లోకంలోకి తీసుకెళ్లే వర్చువల్ రియాలిటీ మీద ఏళ్లుగా పరిశోధిస్తున్న మెల్ స్లేటర్ 2009లో ఈ లీనమయ్యే అనుభవాన్ని రెండుగా విడదీసి చూపించాడు. ‘నేను అక్కడ ఉన్నాను’ అనిపించడం ఒకటి. ‘ఇక్కడ జరుగుతున్నది నిజంగానే జరుగుతోంది’ అనిపించడం ఇంకొకటి. తల తిప్పితే దృశ్యమూ తిరగడం లాంటివి మొదటిదానికి కావాలి. రెండోది రావాలంటే మనం అక్కడ ఉన్నామని ఆ లోకానికి తెలియాలి. ‘థీఫ్’లో కాపలావాడు తల తిప్పినప్పుడు మనకు టెన్షన్ పుట్టేది ఇందుకే. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా, మనం ఏం చేసినా పట్టించుకోని లోకంలో అరగంటకే విసుగొస్తుంది.

వేసుకున్న వేషం మన మీద కూడా పనిచేస్తుంది. నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే పరిశోధకులు 2007లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అందులో కొందరికి పొడుగాటి అవతారం (కంప్యూటర్ లోకంలో మనకు బదులుగా ఉండే బొమ్మ), కొందరికి పొట్టి అవతారం ఇచ్చి వర్చువల్ గదిలో డబ్బు పంచుకోమన్నారు. పొడుగు అవతారం దొరికినవాళ్లు తమకే ఎక్కువ వచ్చేలా గట్టిగా బేరమాడారు. పొట్టి అవతారం దొరికినవాళ్లు అన్యాయమైన పంపకానికి కూడా ఎక్కువగా తలూపారు. ఎవరికి ఏ అవతారం రావాలో వాళ్లు ఎంచుకున్నది కాదు, అయినా కొద్దిసేపట్లోనే నడవడిక మారింది. మనం కథల్లో విన్న పరకాయ ప్రవేశంలో మనిషి వెళ్లి ఇంకో ఒంట్లో దూరతాడు. ఇక్కడ ఆ ఒళ్లు కూడా మనిషిలోకి కాస్త దూరుతుందన్నమాట.

ఈ సంగతిని ఎవరూ ప్రయోగశాలలో కొలవకముందే పట్టుకున్నవాడు రిచర్డ్ గారియట్. ఆయన 1985లో చేసిన ‘అల్టిమా 4’లో చంపాల్సిన మహా రాక్షసుడు లేడు. నిజాయితీ, కరుణ, త్యాగం లాంటి 8 గుణాల్లో ఆరితేరడమే లక్ష్యం. అందులో మూలికలు అమ్మే ఒకామెకు చూపు లేదు. ధర ఆమె చెప్తుంది, నాణేలు లెక్కపెట్టి ఇచ్చేది మీరు. తక్కువ ఇచ్చినా సరుకు ఇచ్చేస్తుంది. అలారం మోగదు, భటులు రారు. చాలామంది అక్కడ నాలుగు నాణేలు మిగుల్చుకుని, తెలివిగా ఆడామనుకున్నారు. ఆట మాత్రం లోపల లెక్క రాసుకుంటూనే ఉంటుంది. ఎంతో దూరం వెళ్లాక నిజాయితీ గుణం చాలక దారి మూసుకుపోతుంది. అప్పుడు గుర్తొస్తుంది ఆ కొట్టు. పుస్తకంలో దొంగను చూసి కోపం తెచ్చుకోవచ్చు, జాలిపడొచ్చు. కానీ సిగ్గుపడాలంటే ఆ పని మనం చేసి ఉండాలి.

ఈ పట్టు మంచికే వాడతారని లేదు. ‘రోజూ వచ్చి బహుమతి తీసుకో’ అంటూ పిలిచే గేములు చాలా ఉన్నాయి. వాటిలో లోకం ఉండదు, హాజరు పట్టీ ఉంటుంది. ఆట మీద అదుపు తప్పి బతుకు దెబ్బతినే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చేర్చింది కూడా. అందుకే ‘గేమ్స్ మంచివా, చెడ్డవా’ అని నన్నెవరైనా అడిగితే, ఏ గేమ్ అని ఎదురు అడుగుతాను.

టోబీ ఫాక్స్ 2015లో చేసిన ‘అండర్‌టేల్’లో మొదట్లోనే అమ్మలా చూసుకునే ఒక జీవి ఎదురవుతుంది. పేరు టోరియల్. మీరు ఇల్లు వదిలి వెళ్తానంటే తలుపుకు అడ్డం నిలబడుతుంది. కాస్త కొడితే తప్పుకుంటుందిలే అనుకుని నేను కొట్టాను, ఆమె చనిపోయింది. మనసొప్పక వెంటనే పాత సేవ్ లోడ్ చేసి, అంతకుముందు దాచుకున్న చోటికి ఆటను వెనక్కి తిప్పాను. ఈసారి ఎన్ని దెబ్బలు తగిలినా చెయ్యెత్తకుండా, క్షమించడాన్నే మళ్లీ మళ్లీ ఎంచుకున్నాను. ఆమె పక్కకు తప్పుకుంది, నన్ను హత్తుకుంది. హమ్మయ్య అనుకుని తలుపు దాటాను. అవతల ఒక పువ్వు కూర్చుని ఉంది. ఇందాక ఆమెను నేను చంపిన సంగతి, బాధపడి వెనక్కి వెళ్లి సరిదిద్దుకున్న సంగతి దానికి తెలుసు. ఆ మాటే నా మొహాన అనేసింది. కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.