పిడికిలితో గుద్ది పరుపు కొనేవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

కొట్లోకి వచ్చినవాళ్లు ముందు పరుపుని పిడికిలితో ఒక గుద్దు గుద్దుతారు. తర్వాత అరచేత్తో నొక్కుతారు. చెయ్యి కిందికి దిగలేదంటే మొహం వెలిగిపోద్ది. "ఇదీ పరుపంటే" అని పక్కమనిషి వైపు చూస్తారు. ఒక్క పది నిమిషాలు పడుకుని చూడండి అంటే మాత్రం సిగ్గు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా ఇదే చూస్తన్నా. రాత్రికి ఆ పరుపు మీద పడుకునేది పిడికిలి కాదు గదా!

మాది దూదేకుల ఇల్లు. నాయన విల్లు భుజానేసుకుని కోవూరు, అల్లూరు, బుచ్చి పక్క ఊళ్లన్నీ తిరిగి, వాళ్ల అరుగుల మీదే పత్తి ఏకి పరుపులు కుట్టిచ్చేవాడు. నేను ఏకుడు మిషను పెట్టాను, ఆ తర్వాత కాయరు (కొబ్బరి పీచు), ఫోము, స్ప్రింగు దాకా వచ్చాను. కాబట్టి ఈ రాసేదంతా కొట్లో కూర్చుని చూసింది, చేత్తో కుట్టింది.

అపోహ: నడుం నొప్పికి పరుపు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

అన్నిట్లోకీ జనానికి ఎక్కువ చేటు చేస్తున్న మాట ఇదే. డబ్బు పోద్ది, నిద్ర పోద్ది, ఉన్న నొప్పి పోదు.

పోయిన నెల కోవూరు నుంచి ఒకామె వచ్చింది. రిటైరైన టీచరమ్మ. వెంట వాళ్లాయన, ఆయన చంకలో ఎక్స్‌రే కవరు. వస్తూనే, "అబ్బయా, నీ దగ్గర ఇంకా గట్టిది ఏదన్నా ఉండాదా?" అంది. ఇంకా అంటే? ఆరు నెలల కింద వేరే చోట ఆరంగుళాల రీబాండెడ్ పరుపు కొన్నారంట. ఫోము ముక్కలన్నీ జిగురేసి అదిమి చేసే రకం అది, దాదాపు చెక్కతో సమానం. దాని కింద ప్లైవుడ్ మంచం. అది తెచ్చుకున్న దగ్గర్నుంచి కుడి భుజం, కుడి తుంటి లాగేస్తన్నాయి, తెల్లారేసరికి చెయ్యి తిమ్మిరెక్కి పోతా ఉంది. చుట్టాలేమో "నీకు ఆ గట్టిదనం చాల్లేదు, పరుపు తీసేసి ఉత్త చెక్క మీద పడుకో" అన్నారంట. అదీ కుదరకపోతే మద్రాసు పొయ్యి స్కాను తీయించుకోవాలని అనుకుంటన్నారు. ఆయన అటు స్ప్రింగు పరుపులు చూస్తా ఉంటే ఆమె గొంతు తగ్గించి, "నా డిస్కు పొయ్యిందంటావా అబ్బయా?" అంది.

డిస్కు సంగతి నేను చెప్పకూడదమ్మా, డాక్టరు చెప్పాలి అన్నాను. ఒక్కటే అడిగాను, ఎటు తిరిగి పడుకుంటారని. "కుడిపక్కకే. చిన్నప్పట్నుంచీ అంతే."

ఇంక దాచడానికేముంది. మనిషి పక్కకి తిరిగి పడుకుంటే భుజం, తుంటి రెండూ బయటికి పొడుచుకొస్తాయి, మధ్యలో నడుము లోపలికి ఉంటది. పరుపు ఆ రెంటికీ కాస్త చోటిచ్చి, నడుముని కింద నుంచి అందుకోవాలి. చెక్కలాంటిది చోటివ్వదు. ఒళ్లు బరువంతా ఆ రెండు చోట్లే పడి, నడుము ఆధారం లేకుండా వేలాడతది. రాత్రంతా అట్టా ఉంటే భుజం నొయ్యక ఏం చేస్తది? వెల్లకిలా పడుకునేవాళ్లకి ఇదే ఇంకో రకంగా వస్తది. వీపూ పిర్రలూ ఆనతాయి, నడుం కింద సందు మిగిలిపోద్ది.

అట్టాగని మెత్తటిది మంచిదని కాదు. సాగిపోయిన నులక మంచం మీద పడుకున్నారా ఎప్పుడైనా? పిర్రలు గుంటలోకి, తలా కాళ్లూ పైకి. పొద్దున లేస్తే నడుం పట్టుకునే లేవాలి. మెత్తటి ఫోము మీదా అంతే.

ఇది నా సొంత పైత్యం కాదు. చాన్నాళ్ల నడుం నొప్పితో బాధపడే 313 మందికి స్పెయిన్ డాక్టర్లు గట్టి పరుపు కొందరికి, మధ్యరకం పరుపు కొందరికి ఇచ్చి మూడు నెలల తర్వాత చూశారు. 2003లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పీ, పనులు చేసుకోవడంలో ఇబ్బందీ ఎక్కువ తగ్గాయి. ఇరవై ఏళ్లు దాటినా మన దగ్గర మాత్రం ఇంకా పిడికిలి పరీక్షే.

అసలు ఈ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, మా ఇంట్లోకే వచ్చింది కాబట్టి. 1994లో మా అమ్మ బియ్యం మూట ఎత్తబోయి నడుం పట్టేసి కూలబడింది. అప్పటి డాక్టరు మూడు వారాలు బల్ల మీద కదలకుండా పడుకోమన్నాడు. ఆ రోజుల్లో అందరూ అదే చెప్పేవాళ్లు, ఆయన్ని అనడానికి లేదు. ఇంట్లో బల్ల లేదు. నాయన పాత తలుపు రెక్క తీసి రెండు ముక్కాలిపీటల మీద పరిచాడు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి పెళ్లాం ఇరవై రోజులు తలుపు రెక్క మీద పడుకుంది. గడియ ఉన్న చోట వీపుకి గుచ్చుకోకుండా నేనే గుడ్డ చుట్టాను. లేచేసరికి కాళ్లల్లో సత్తువ లేదు, గోడ పట్టుకుని నడిచింది. ఇప్పటి డాక్టర్లు మామూలు నడుం నొప్పికి మంచం ఎక్కొద్దనే చెప్తారు, ఓర్చుకోగలిగినంత తిరగమంటారు. డాక్టర్లు మాట మార్చుకున్నారు గానీ బల్ల మాట జనం నోట్లోనే ఉండిపోయింది.

నేనూ తక్కువ తినలేదు. మొదటి పదేళ్లు అడిగినవాళ్లకి అడిగినంత గట్టివి అమ్మాను. గట్టిది కావాలన్నవాడికి గట్టిది ఇచ్చి పంపడం తేలిక, వద్దని చెప్తే పక్క కొట్టుకి పోతాడు.

టీచరమ్మకి ఏం చేశానంటే, కొట్లో వెనక ఒక తెర కట్టి పెట్టుంటాను, ఆడవాళ్లు మొహమాటం లేకుండా పడుకుని చూసేదానికి. అక్కడ గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోమన్నాను. వాళ్లాయన్ని పిలిచి ఆమె నడుం కింద అరచెయ్యి పెట్టమన్నాను. ఇటు పెడితే అటు వచ్చింది, అడ్డమే లేదు. తర్వాత మధ్యరకం దాని మీద. చెయ్యి దూరింది గానీ కాస్త ఒరుసుకుంటా దూరింది. అట్టా ఉండాలి. చెయ్యి అసలు దూరకపోతే అది మరీ మెత్తన. పక్కకి తిరిగినప్పుడు మెడ దగ్గర్నుంచి నడుం దాకా వెన్ను వంకర లేకుండా ఉందో లేదో ఇంకో మనిషి వెనక నుంచి చూడాలి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

కొత్త పరుపు అమ్మలేదు. ఉన్నదాని మీదే పరుచుకునేదానికి పల్చటి పత్తి పరుపు ఒకటి కుట్టిచ్చాను. మూడు వారాలకి ఫోను చేసింది. భుజం నొప్పీ తిమ్మిరీ పోయినాయంట, నడుం మాత్రం పొద్దుటిపూట కాసేపు బిగుసుకుంటా ఉందంట. పరుపుతో అన్నీ పోవు మరి.

ఇంకో మాట. నొప్పి కాలిలోకి దిగి కాలు చచ్చుబడతన్నా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా, జ్వరం ఉన్నా, కిందపడిన తర్వాత మొదలైన నొప్పైనా పరుపుల కొట్టుకి రాకండి. నేరుగా డాక్టరు దగ్గరికి పోండి. మిగతావాళ్లు ఊరికే బెంగ పెట్టుకోబాకండి. నడుం నొప్పి రాని ఇల్లు నేను చూళ్లేదు, చాలామందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటది.

"ఆర్థోపెడిక్ అని రాసుంది గదా?"

రాసుంది. రాసింది కంపెనీ, ఎముకల డాక్టరు కాదు. ఆ మాట వేసుకోవడానికి ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు.

"40 డెన్సిటీ అంటే 32 కంటే గట్టిది."

కాదు. డెన్సిటీ అంటే బరువు. ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె. గట్టిదనం కొలిచే లెక్క వేరే ఉంది. 40లో మెత్తటిదీ దొరుకుద్ది, 32లో గట్టిదీ దొరుకుద్ది. డెన్సిటీ ఎక్కువైతే ఫోము త్వరగా కుంగదు, అందుకోసం చూడండి. మోసం జరిగేది కూడా ఇక్కడే కాబట్టి కాటా వెయ్యమనండి. 72 బై 60, ఆరంగుళాల ఫోము 40 డెన్సిటీ అయితే ఉత్త ఫోమే 17 కిలోలు తూగాలి, 32 అయితే పదమూడున్నర. గుడ్డా కుట్టూ దానికి అదనం. నలభై అని చెప్పిన పరుపు కవరుతో కలిపి పన్నెండు తూగితే ఆ కొట్లోంచి బయటికొచ్చెయ్యండి.

మిగతావి గబగబా చెప్తా.

మెమొరీ ఫోము నాసావాళ్లదంట, అన్నిట్లోకీ మేలంట. 1966లో నాసా కోసం విమానం సీట్లకని తయారైన మాట నిజమే. అయితే అది వేడికి మెత్తబడే సరుకు. మే నెలలో నెల్లూరు మిద్దింట్లో, పైన శ్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతా ఉంటే, ఏసీ లేకుండా దాని మీద పడుకోవడం మీ ఇష్టం. ఒంటి వేడి కాస్త తగ్గితేనే నిద్ర పట్టేది. పత్తి, కాయరు, స్ప్రింగు అయితే గాలాడతాయి.

ఉత్తరం దిక్కున తల పెడితే రక్తంలో ఇనుముని భూమి లాగేస్తదంట. రక్తంలో ఉండే ఇనుము మేకులాగా అయస్కాంతానికి అతుక్కునే ఇనుము కాదు. ఎంఆర్‌ఐ మిషను భూమి కంటే వేల రెట్లు బలమైన అయస్కాంతం, దాంట్లోకి పొయ్యొచ్చినవాళ్ల రక్తమేం తల్లోకి ఎక్కలేదే! పెద్దలు చెప్పారని దక్షిణానికి పెట్టుకుంటే పెట్టుకోండి, నేనూ ఇంట్లో అట్టాగే పెట్టుకుంటా. ఈ భయాన్ని పట్టుకుని లక్ష రూపాయలకి అయస్కాంతం పరుపు అంటగట్టేవాళ్లు వస్తారు, వాళ్లకి మాత్రం తలుపు తియ్యబాకండి. దిక్కు కంటే ముందు చూసుకోవాల్సింది పడమటి గోడ. సాయంత్రం దాకా ఎండ తాగిన గోడకి మంచం ఆనించి పడుకుంటే రాత్రంతా పొయ్యి పక్కన పడుకున్నట్టే. రెండడుగులు ఇవతలికి జరపండి, ఎదురుబొదురు కిటికీలుంటే మధ్యలోకి లాగండి, దోమతెర కట్టుకోండి.

దిండు మానేస్తే మెడ నొప్పి పోద్దంట. పక్కకి పడుకునేవాళ్లకి చెవికీ భుజం అంచుకీ మధ్య ఎంత ఎత్తుందో అంత దిండు కావాలి. వెల్లకిలా అయితే పల్చటిది చాలు. బూరుగు దూది దిండైతే కట్టు విప్పి గుప్పెడు తీసుకోవచ్చు, గుప్పెడు వేసుకోవచ్చు. ఆ వీలు ఫోములో లేదు.

పసిబిడ్డలకి ఆవాల దిండు అడగడానికి వారానికి ఇద్దరన్నా వస్తారు, తల గుండ్రంగా రావాలని. నేను కుట్టడం మానేశాను. ఏడాది లోపు బిడ్డకి ఏ దిండూ వద్దని, వెల్లకిలా పడుకోబెట్టమని పిల్లల డాక్టర్లు చెప్తారు. ముక్కుకి దిండు అడ్డంపడితే తల తిప్పుకోలేని వయసు అది. పెద్దోళ్లకి గట్టి పరుపు వద్దని ఇందాకట్నుంచి అరుస్తన్నా గదా, పసిబిడ్డకి మాత్రం గట్టిగా, చదునుగా ఉండాలి. బొంతలు, బొమ్మలు చుట్టూ పేర్చొద్దు. అమ్మమ్మలకి నా మీద కోపమొస్తది, రానీండి.

పెద్దవయసువాళ్లకి మంచం ఎత్తు ముఖ్యం. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి, మోకాలు మడత దగ్గరికి పరుపు రావాలి. కింద సామాను పెట్టుకునే బాక్సు మంచం, దాని మీద పదంగుళాల పరుపు వేశారంటే అది మంచం కాదు, అరుగు. రాత్రి బాత్రూముకని దిగబోయి తుంటి విరగ్గొట్టుకుంటారు. కింద చాప మీద పడుకునే అలవాటు ఒంటికి పడితే మంచిదే, లేవడానికి ఇంకొకరు చెయ్యి ఇవ్వాల్సొచ్చిన రోజు మానెయ్యాలి.

వెయ్యి థ్రెడ్ కౌంట్ దుప్పటి, అంటే చదరపు అంగుళానికి వెయ్యి పోగులని చెప్పి అమ్మే దట్టమైన దుప్పటి, మన ఉక్కకి పనికిరాదు. ఈరోడ్ నుంచి వచ్చే మామూలు నూలు దుప్పటి నాలుగు ఉతుకులు పడ్డాక దాన్ని మించింది లేదు.

పరుపేదైనా ఎండలో వెయ్యాలంటారు. పత్తికీ బూరుగుకీ ఎండే మందు. ఫోముని మాత్రం ఎండకి పెట్టబాకండి, పసుపెక్కి పొడి రాలుద్ది. నీడన, గాలికి నిలబెట్టండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు బురదనీళ్లు తాగిన ఫోము పరుపుల్ని జనం మిద్దెల మీద వారాల తరబడి ఆరబెట్టారు. పైన ఆరినట్టే ఉంటది, ఒకదాన్ని నేను కోసి చూపిస్తే మధ్యలో నల్లగా బూజు. వరద నీళ్లు తాగినదాన్ని పారెయ్యడమే. ఇరవై వేలు పెట్టి కొన్నదాన్ని పారెయ్యమని చెప్పడానికి నాకూ నోరు రాలేదు గానీ చెప్పాను.

చివరిగా ఆ ప్లాస్టిక్ కవరు. పరుపు కొత్తగా ఉండాలని ఫ్యాక్టరీ కవరు తియ్యకుండా దాని మీదే దుప్పటి పరిచి ఏళ్లకేళ్లు పడుకునే ఇళ్లు మన జిల్లాలో ఎన్నున్నాయో! పక్కకి తిరిగినప్పుడల్లా కరకరమని చప్పుడు. చెమట కిందికి పోదు, పైకి ఆరదు. ఆ ఉక్కకి మనిషి నాలుగింటికి లేచి కూర్చుని, పరుపు వేడి చేసిందని నాకు ఫోను చేస్తాడు. పరుపేం చేసింది పాపం, దాని ఊపిరే ఆడ్డంలా. కవరు తీస్తే వారంటీ పోద్దని ఎవరో చెప్పారంట. వారంటీకి కావాల్సింది బిల్లు, పరుపు అంచున కుట్టిన లేబులు. బ్లేడు తీసుకుని ఈ పూటే కోసెయ్యండి, కోసేటప్పుడు ఆ లేబులు తెగకుండా చూసుకోండి.