మేస్త్రీ అడ్వాన్సు నుంచి ఫీజు బకాయి దాకా

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ విశ్వవిద్యాలయాల విద్యార్థుల మానసిక ఒత్తిడి గురించి ఎవరు మాట్లాడినా పరీక్షల దగ్గరే మొదలుపెడతారు. నిజానికి అది ఇంటి అప్పు దగ్గర మొదలవుతుంది.

కృష్ణా నది పక్కనే పారుతున్నా వానను నమ్ముకుని బతికిన మెట్ట ప్రాంతమిది. కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ ముందే ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా కుటుంబాలు ఆనకట్టల మట్టిపనికి, తర్వాతి కాలంలో ముంబై, పుణె నగరాల కట్టడాలకు వలస పోయేవి. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు అలా పుట్టింది. పిల్లలు నాయనమ్మ దగ్గర ఉండిపోయేవారు, లేదా తల్లిదండ్రుల వెంట పోయి బడికి దూరమయ్యేవారు. నల్లగొండలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచి, కూలి చేసే సత్తువను కూడా లాగేసుకున్నాయి.

ఉస్మానియా పీజీ కేంద్రాలే దిక్కుగా ఉన్న ఈ జిల్లాల్లో 2007లో నల్లగొండలో, 2008లో మహబూబ్‌నగర్‌లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి రాష్ట్రంలో పూర్తిస్థాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. వలస కూలీల పిల్లలు ఎం.ఏ., ఎమ్మెస్సీ తరగతుల్లో కూర్చోగలిగారంటే ఈ రెండూ కలిసి రావడం వల్లనే. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఆ సొమ్ము సకాలంలో విడుదల కాకపోవడం ఏళ్ల తరబడి సాగుతోంది. బకాయి పడింది ప్రభుత్వమే అయినా, ఎన్నో ప్రైవేటు కళాశాలలు సర్టిఫికెట్లు ఆపేది విద్యార్థివే. టీసీ చేతికి రాక పీజీ సీటు ఎక్కడ పోతుందోనని మళ్లీ వడ్డీకి తెచ్చి కట్టిన ఇళ్లున్నాయి. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. చదువు ఒక్క ఏడాది ఆగితే ఇంట్లో పెళ్లి మాట ఎత్తుతారు.

చదువు ముగిశాక ఉద్యోగ నిరీక్షణ. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడితే తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ఆ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది, జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షనూ హైకోర్టు రద్దు చేసింది. హాస్టల్ గదిలో ఆ వార్త విన్నవాడికి పోయింది పరీక్ష ఒక్కటే కాదు, ఇంటికి చెప్పుకున్న గడువు కూడా.

రాత్రి పని దిగాక పుణె నుంచి తండ్రి ఫోన్ చేస్తాడు. “పైసలు పడ్డయా బిడ్డా?” అని అడుగుతాడు. స్కాలర్‌షిప్ పడలేదని తెలిసీ, “పడ్తయి నాయినా, నువ్వు తిన్నవా?” అని కొడుకు మాట మారుస్తాడు.