వంద కేబీలో ఒత్తు ఎక్కడ పోయింది?

మా మేనకోడలు తన జనన ధ్రువీకరణ పత్రాన్ని ఒక దరఖాస్తుకు జతచేయాల్సి వచ్చింది. పీడీఎఫ్ వంద కేబీ దాటకూడదన్నారు. ఇంట్లోనే ఫోనుతో ఫొటో తీసి, దొరికిన యాప్‌తో కుదించి పంపితే రెండు రోజుల్లో తిరుగుటపా వచ్చింది: అక్షరాలు కనబడడం లేదు, మళ్లీ పంపండి. పెద్దది చేసి చూశాం. ‘విశాఖపట్నం’లో ట కింద ఉండాల్సిన న ఒత్తు బూడిదరంగు మరకగా మిగిలింది. ‘ధ్రువీకరణ’లోని ధ, ద అయిపోయింది. పక్కనే ఉన్న ఇంగ్లిషు అక్షరాలు మాత్రం అదే ఫైలులో చక్కగా చదవడానికి వస్తున్నాయి. నాకు కాస్త పౌరుషం వచ్చిన మాట నిజం.

ముందు లెక్క చూద్దాం. ఏ4 కాగితాన్ని అంగుళానికి 200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 1654, నిలువుగా 2339, మొత్తం దాదాపు 38.7 లక్షల పిక్సెళ్లు, అంటే చుక్కలు, వస్తాయి. వంద కేబీ అంటే 8,19,200 బిట్లు; ఒక్కో బిట్‌లో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. పంచి చూస్తే ఒక్కో పిక్సెల్ వాటా ఐదో వంతు బిట్. ఒక చుక్క నల్లదో తెల్లదో విడిగా చెప్పాలంటేనే పూర్తి బిట్ ఒకటి కావాలి. ఇక్కడేమో రంగులు కూడా ఉన్నాయి. కాబట్టి ఏదో ఒకటి పారేయక తప్పదు. ఏది పారేయాలో మనం చెప్పకపోతే యాపే నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయం చాలాసార్లు ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతిది. అది ప్రమాణంగా స్థిరపడింది 1992లో. దానికి మూలమైన గణితం మాత్రం 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి ప్రచురించిన పత్రంలో ఉంది. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మన ఒత్తులను మింగుతున్న లెక్కలో ఇలాంటి పేరు కనిపించడం తమాషాగా ఉంది.

జేపెగ్ బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 చుక్కలను 64 రకాల వెలుగునీడల అలల కలయికగా తిరగరాస్తుంది. నిదానంగా మారే అలలు ముందు, గబగబా మారేవి చివర. తర్వాత ఒక్కో అల బలాన్ని ఒక పట్టికలోని అంకెతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తుంది. ప్రమాణంలో ఇచ్చిన నమూనా పట్టికలో మొదటి అంకె 16, చివరిది 99. అంత పెద్ద అంకెతో భాగిస్తే చిన్నచిన్న అలలన్నీ సున్నాకు దిగిపోతాయి. వరుసగా వచ్చే సున్నాలను దాచడానికి చోటు దాదాపు అక్కర్లేదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున తీసిన ఆకాశానికి ఇది బాగా నప్పుతుంది. అక్కడ వెలుగు నెమ్మదిగా మారుతుంది, రెండు మూడు అలలతో పని జరిగిపోతుంది. తెల్ల కాగితం మీద నల్ల సిరా అంచు అలా కాదు, నిట్టనిలువు గోడ. అది నిలబడాలంటే ఆ గబగబా మారే అలలే కావాలి. వాటిని పీకేస్తే గోడ కుంగి చుట్టూ దుమ్ము రేగుతుంది. కుదించిన పత్రాల్లో అక్షరాల చుట్టూ కనిపించే మసక చుక్కలు అవే. పైగా రంగుల వివరాన్ని మామూలుగా నాలుగు చుక్కలకు ఒకటి చొప్పునే ఉంచుతారు. ఊదారంగు ముద్ర పక్క గీతల మీదికి పాకేది అందుకే.

ఇక మన లిపి సంగతి. అంగుళానికి వంద చుక్కలే ఉంటే 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు పదహారు, పదిహేడు చుక్కలు. పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు, ముగ్గురూ అందులోనే సర్దుకోవాలి. ఇంగ్లిషు పెద్ద అక్షరాలు ఐదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తులో కూడా గుర్తుపట్టేలా ఉంటాయి, చుక్కల దీపాల బోర్డుల్లో రోజూ చూస్తున్నదే. ద, ధ, థల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ప, వ అయితే తల దగ్గర చిన్న సందు ఒక్కటే తేడా. సందు పూడితే పాలు కాస్తా వాలు అవుతాయి.

బొమ్మ కొలతలు తగ్గించే పద్ధతిలోనూ ఒక మోసం ఉంది. చేపలరేవులో ఆరబెట్టిన వలను ఫొటో తీసి, 4000 చుక్కల వెడల్పును 400కు తగ్గించి చూడండి. ఇప్పుడు ఒక్కో చుక్క పాతవి వందింటికి బదులు చెప్పాలి. బద్ధకపు ప్రోగ్రాం వందలో ఒకదాన్ని ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. ఏరుకున్న చోట ఒకసారి దారం తగులుతుంది, ఒకసారి సందు తగులుతుంది. దాంతో ఏ మత్స్యకారుడూ అల్లని వెడల్పాటి చారలు వల మీద తేలుతాయి. ఒక దారాన్ని, దాని పక్క సందును చూపాలంటే కనీసం రెండు చుక్కలు కావాలి. లేనప్పుడు వందింటి సగటు తీసి, వలను నిజాయితీగా బూడిదరంగులో చూపడమే మేలు. అక్షరాలకూ అంతే: ఏరుకుంటే తలకట్టు తెగుతుంది, సగటు తీస్తే పలచబడుతుంది. బొమ్మను కుదించిన తర్వాత అంచులకు కొద్దిగా పదును పెట్టి ఆ పలచదనాన్ని సరిచేయవచ్చు. కుదించక ముందే పెట్టిన పదును మాత్రం చాలావరకు సగటులో కలిసిపోతుంది.

చివరికి ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాం. అది నడిపే ఆయన మా ఫైలు చూసి, “దీన్ని మళ్లీ కుదించి లాభం లేదు మాస్టారూ, అసలు కాగితం ఇవ్వండి. రంగులు తీసేద్దాం,” అన్నారు. అంగుళానికి 200 చుక్కలు అలాగే ఉంచి, నలుపు తెలుపుల్లో స్కాన్ చేశారు. చుక్కకు ఒక బిట్ చొప్పున అది 470 కేబీ పైచిలుకు. అయితే కాగితంలో ఎక్కువ భాగం తెలుపే కదా! పాత ఫ్యాక్స్ యంత్రాల కోసం పుట్టిన పద్ధతి ‘ఇక్కడి నుంచి ఇన్ని చుక్కలు తెలుపు, తర్వాత ఇన్ని నలుపు’ అని లెక్కగా రాసుకుంటుంది. ఫైలు 84 కేబీ వచ్చింది. న ఒత్తు తిరిగొచ్చింది, ధ మళ్లీ ధ అయింది. గుండ్రటి ముద్ర సగం మాయమైంది, సగం నల్లగా ముద్దకట్టింది. మాకు కావలసింది అక్షరాలు, సరే అనుకున్నాం.

దరఖాస్తుకు విడిగా జతచేయాల్సిన సంతకం బొమ్మ దగ్గర కథ అడ్డం తిరిగింది. మాది 6 కేబీ వచ్చింది, కనీసం 10 ఉండాలట. ఆయన నవ్వి, మేనకోడలి చేత గరుకు కాగితం మీద మళ్లీ సంతకం చేయించి, ఈసారి రంగుల్లో స్కాన్ చేసి, జేపెగ్ నాణ్యతను చివరికంటా పెంచారు. 13 కేబీ. పెరిగిన ఏడు కేబీల్లో సంతకం ఏమంత లేదు, దాదాపు అంతా కాగితం గరుకే.